ముందు రాయాల్సిన వరుస

పెళ్ళయిన ఇరవై మూడో రోజున మా ఆయన్ని సముద్రం మధ్యలో ఉన్న ఒక రాతిదిబ్బ మీదికి పంపించారు. పంపించింది మా ఆఫీసే. ఇద్దరం ఒకేచోట పనిచేస్తాం. అలల ఎత్తు కొలిచే కేంద్రాలకు పరికరాలూ వాటికి కావలసిన ప్రోగ్రాములూ తయారుచేసే చిన్న ఆఫీసు అది. పన్నెండు కుర్చీలు, పదకొండు మంది. ఆయనది స్క్రూడ్రైవర్ శాఖ, నాది కీబోర్డు శాఖ. పెళ్ళికి ముందు మా ఇద్దరికీ మధ్య మూడు కుర్చీల దూరం ఉండేది. పెళ్ళయ్యాక అది సగం రోజు పడవ ప్రయాణమైంది. ఎవరికి చెప్పుకోను?

ఆ దిబ్బ మీద ఒక కేంద్రం, దాన్ని చూసుకునే ఒక పెద్దాయన, ఒక కంప్యూటరు తప్ప ఇంకేమీ లేవు. అలలు ఎంత ఎత్తు లేస్తున్నాయో కంప్యూటరు గంటగంటకీ లెక్కకట్టి రేడియోలో వదులుతుంది. చేపల పడవలవాళ్ళు అది విని, వెళ్ళాలో మానాలో తేల్చుకుంటారు. ఆ కంప్యూటరులో డిస్కు ముసలిదైపోయింది. తిరుగుతున్నప్పుడు నిద్రలో పళ్ళు కొరుకుతున్న చప్పుడు చేస్తుందట. ఇవాళో రేపో ఆగిపోయేలా ఉంది. దాన్ని అలాగే నకలు తీస్తే దాని తెగులంతా కొత్తదానికీ అంటుకుంటుంది. కాబట్టి కొత్త డిస్కు బిగించి, అందులో అన్నీ మొదటి నుంచి కట్టుకుంటూ రావాలి.

మొదటి నుంచి అంటే కంపైలర్ నుంచి. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే భాషలోకి మార్చిపెట్టేది కంపైలర్. దాని వెనకాల ముక్కల్ని అతికించే లింకర్, ఇంకా నలుగురైదుగురు పరివారం. అందర్నీ కలిపి టూల్‌చెయిన్ అంటాం. ఇందులో తమాషా ఏమిటంటే, కొత్త కంపైలర్‌ను కట్టాలన్నా పాత కంపైలరే కావాలి. పాతది కొత్తదాన్ని నిలబెట్టి తప్పుకోవాలి. ఆ తర్వాత మిగతావన్నీ కొత్తదే కట్టాలి.

ఈ పని ఏ వరుసలో చెయ్యాలో చెప్పే కాగితం మా ఆఫీసులో రాసేది నేను. మొత్తం నలభై ఒక్క వరుసలు. ఆయన వెళ్ళే ముందు శనివారం నా యంత్రం మీద నడిపి చూశాను. ఎక్కడా ఆగకుండా గడగడా పోయాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను. పెట్టి, జేబు మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచాను. నవ్వకండి. ఇరవై మూడు రోజుల పెళ్ళాన్ని.

పడవ వారానికి ఒక్కసారి, శుక్రవారం వెళుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి దిబ్బ నుంచి వెనక్కి బయలుదేరుతుంది. ఆయన వెళ్ళిన రెండు వారాలకు వచ్చే శుక్రవారం పడవే ఆఖరిది. ఆ తర్వాత సముద్రం మొరటెక్కుతుంది. ఏడు వారాలు పడవ లేదు. అందుకని ఇంట్లో గోడ మీది క్యాలెండరులో ఆ శుక్రవారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. పెన్ను గట్టిగా నొక్కితే కింది నెల కాగితం మీద కూడా అచ్చు పడింది.

*

ఆయన వెళ్ళాక నాకు తోడుగా అత్తయ్య వచ్చి ఉంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఎవరు ఫోన్లో మాట్లాడుతున్నా మూడు నిమిషాలు కాగానే పక్క గదిలోంచి "మూడు నిమిషాలు!" అని కేకేస్తుంది. గడియారం చూడదు. అది ఆవిడ ఒంట్లో ఉండిపోయింది. తన కొడుక్కి "నిదానం" అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆవిడే. ఆయన పుట్టడమే పన్నెండు రోజులు ఆలస్యంగా పుట్టాడట.

దిబ్బ మీది నుంచి మాటలు వస్తాయి గానీ ఫైళ్ళు రావు, పోవు. పొద్దున పదిన్నరకు ఇరవై నిమిషాలు, సాయంత్రం ఐదుకు ఇరవై నిమిషాలు ఫోను. పొద్దుటిది ఆఫీసు పనికి, సాయంత్రానిది మాకు అని ఒప్పందం. పొద్దుటి దాంట్లోంచి కూడా నేను కొంచెం దొంగిలించేదాన్ని. అందుకే పొద్దున పూట ఇంటి నుంచే పనిచేసి మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళేదాన్ని.

మిగతా ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలూ ఇల్లు నాతో ఆడుకునేది. గ్లాసులో రెండు బ్రష్షులు. ఆయన మడిచి వెళ్ళిన వంటింటి తుడుపుగుడ్డ, అందరిలా నలుచదరంగా కాదు, ముక్కోణంగా. నేను దాన్ని వాడకుండా వేరే గుడ్డ తీసుకున్నాను. డబ్బాల మీద ఆయన చేతిరాతతో చీటీలు: "పంచదార", "ఇది పంచదార కాదు". రెండోది ఉప్పు. ఆ చీటీ చూసిన ప్రతిసారీ నవ్వొచ్చేది. మా ఇద్దరి పేర్లూ కలిపి వచ్చిన మొదటి ఉత్తరం ఆ వారమే వచ్చింది. బుధవారం నీళ్ళ ట్యాంకు కడుగుతారు, నీళ్ళు రావు అని అపార్ట్‌మెంటువాళ్ళ నోటీసు. ఇద్దరి పేర్ల మధ్యా "మరియు" అని ఉంది. దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను.

"నీళ్ళు రావని రాస్తే ఇంత మురిసిపోయే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు తల్లీ," అంది అత్తయ్య.

"ఆ మరియు చూడండి అత్తయ్యా, ఎంత బాగుందో."

"చూశాను. బుధవారం స్నానం చెయ్యకుండా ఆ మరియు చూస్తూ కూర్చుందాం ఇద్దరం."

మొదటి వారమంతా దిబ్బ మీది జనరేటరు మింగేసింది. దాన్ని బాగుచేస్తే గానీ కంప్యూటరు జోలికి వెళ్ళడానికి లేకపోయింది. రెండో సోమవారం పొద్దున ఆయన నా కాగితం విప్పాడు. ఆ యంత్రం నత్తకు నడక నేర్పిన యంత్రం. ఇక్కడ ఒక పూటలో అయ్యే పని అక్కడ నాలుగు రోజులు.

"మేడంగారూ, మొదలుపెడుతున్నా. ఈ ఎక్స్‌పోర్ట్ అన్న వరుసలన్నీ ఉన్నది ఉన్నట్టు కొట్టాలి కదా?"

"ఉన్నది ఉన్నట్టు. నీ తెలివితేటలేం కలపొద్దు."

"నాకున్నవన్నీ పెళ్ళి చేసుకోడానికే అయిపోయాయి."

"అయిపోయాయంటే ఏంటి అర్థం?"

"మూడు నిమిషాలు!" అంది అత్తయ్య.

ఫోను పెట్టేశాక ఆ ఎక్స్‌పోర్టుల సంగతేమిటని అత్తయ్య అడిగింది. ఆవిడకు వైర్ల సంగతులన్నీ తెలుసుకోవాలని ఉంటుంది. కట్టడం మొదలుపెట్టే ముందు టెర్మినల్ కిటికీ ఒకటి తెరిచి, యంత్రానికి కొన్ని పేర్లు చెప్పాలి, వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు అని చెప్పాను.

"ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఏది ఎక్కడుందో చెబుతాం చూడండి, అలాగ. నేను 'కొత్త' అని ఒక పేరు పెట్టాను. కొత్త అంటే కొత్త డిస్కులో ఫలానా చోటు అని చెప్పాలి. తర్వాత పాత్ అని ఇంకోటుంది. పనిముట్టు కావాలంటే ఏ గదిలో ముందు వెతకాలి, ఏ గదిలో తర్వాత వెతకాలి అనే జాబితా."

"చెప్పకపోతే?"

"చేతికి దొరికిందాన్ని వాడేస్తుంది."

"ఇది కాదేమో అని అడగదా?"

"అడగదు. ఉలుకూ పలుకూ ఉండదు."

"మా ఆయన లాంటిదే అయితే," అంది అత్తయ్య. "ముప్ఫై ఏళ్ళు నా దువ్వెనతోనే దువ్వుకున్నాడు. ఒక్కరోజు అడగలేదు."

మంగళవారం, బుధవారం, గురువారం. నేను ఫోనులో వింటున్నది మా ఆయన గొంతు, దాని వెనక గాలి, గాలి వెనక ఆ ముసలి డిస్కు పళ్ళు కొరికే చప్పుడు. పదిహేడో వరుస అయిందనేవాడు. ఇరవై తొమ్మిది అయిందనేవాడు. నాకు ఆ అంకెలు ఆయన ఇంటికి దగ్గరవుతున్న మైలురాళ్ళలా వినిపించేవి. ముప్ఫై నాలుగో వరుస అయిందన్న రోజున దుప్పట్లు మార్చాను. మార్చిన దుప్పటి బాగాలేదని మళ్ళీ మార్చాను. రెండు గ్లాసులు బల్ల మీద పెట్టి చూశాను, పక్కపక్కన బాగుంటాయా, ఎదురెదురుగానా అని.

గురువారం మధ్యాహ్నం ఆఫీసులో మా పెద్ద దగ్గరికి సెలవు అడగడానికి వెళ్ళాను. ఆయన్ని మేమంతా గురువుగారు అంటాం. పనిలో చేరినవాళ్ళందరికీ మొదటి రోజు ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాడు.

"శనివారం, సోమవారం సెలవు కావాలండీ."

"దేనికి?"

"ఇంట్లో పనుందండీ."

"ఏం పనో?"

నా మొహం నాకు తెలియకుండానే విచ్చుకున్నట్టుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సరే, సరే. పని జాగ్రత్తగా చూసుకో," అన్నాడు.

*

శుక్రవారం పదిన్నరకు ఫోను మోగింది. నేను పది నుంచీ దాని పక్కనే ఉన్నాను.

"ఓయ్ పెళ్ళాంగారూ. సంచి సర్దేశా. బూట్లేసుకున్నా. పెద్దాయన బైనాక్యులర్స్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు."

వెనక నుంచి ఆ పెద్దాయన గొంతు: "పడవ కనిపిస్తోంది బాబూ! గంటలో ఇక్కడుంటుంది!"

"విన్నావా? ఇంక మూడే వరుసలు. ముప్ఫై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. చివరి రెండూ కలిపి నలభై నిమిషాలు. అవగానే దిగిపోతా."

"ముప్ఫై తొమ్మిది పరీక్ష," అన్నాను. "చెయ్యి. వచ్చింది వచ్చినట్టు చదువు."

ఆ పరీక్ష చాలా చిన్నది. ఏ పనీ చెయ్యని ఒక్క వరుస ప్రోగ్రాము రాసి, మనం కట్టిన కంపైలర్‌తో తయారుచేయించి, నిద్ర లేవగానే నువ్వు ముందు ఏ సహాయకుణ్ణి పిలుస్తావు అని ఆ చిన్న ప్రోగ్రామును అడగడమే. పిలిచేది కొత్త డిస్కులో ఉన్నవాణ్ణయితే అంతా బాగున్నట్టు. అప్పుడు జవాబుగా వచ్చే చిరునామాలో మొట్టమొదట "స్లాష్ కొత్త" అని ఉండాలి.

కీబోర్డు టకటక విన్నాను. చదివాడు.

"స్లాష్ లిబ్, స్లాష్ ఎల్‌డీ..."

"ఆగు. మొదటి నుంచి చదువు."

"మొదటి నుంచే చదివా. స్లాష్ లిబ్."

"దాని ముందేముంది?"

"దాని ముందా? ఏం లేదు. ఖాళీ."



ముందు కొత్త లేదంటే అది పిలుస్తున్నది పాత డిస్కులోని వాణ్ణి. నాలుగు రోజులు కట్టిన గోడలన్నీ కొత్త డిస్కులోనే ఉన్నాయి, పునాది మాత్రం పాతదాంట్లో ఉంది. ఇవాళ అన్నీ నడుస్తాయి. అలల లెక్కలు వస్తాయి, రేడియో మోగుతుంది, ఎవరికీ ఏ తేడా కనిపించదు. పాత డిస్కు ఏ రోజున కన్ను మూస్తే ఆ రోజున కొత్తదీ దానితోపాటే పోతుంది.

"మూడో వరుస చదువు," అన్నాను. "కాగితం మీద. మూడు, నాలుగు."

"మూడు. ఎక్స్‌పోర్ట్ పాత్, ఈక్వల్స్, డాలర్ కొత్త స్లాష్ బిన్, ఆ తర్వాత పాత గదుల జాబితా. నాలుగు. ఎక్స్‌పోర్ట్ కొత్త, ఈక్వల్స్, స్లాష్ కొత్త."

నాలుగోది ముందు రావాలి. డాలర్ కొత్త అంటే, కొత్త అన్న పేరుకు చెప్పిన చోటు అని. కొత్త అంటే ఏదో చెప్పకముందే మూడో వరుసలో ఆ పేరు వాడేశాను. పేరుకు అర్థం లేకపోతే యంత్రం ఆ పేరున్న చోట ఏమీ లేదనుకుంటుంది, నోరెత్తదు. కొత్త ఉండాల్సిన చోట ఏమీ లేకపోయేసరికి మిగిలింది ఉత్త "స్లాష్ బిన్". అది పాత డిస్కులో పనిముట్ల గది. పనిముట్టు కావలసివచ్చిన ప్రతిసారీ నాలుగు రోజులూ ముందుగా ఆ గదికే వెళ్ళింది. కట్టినవి పెట్టేటప్పటికి మాత్రం కొత్త అంటే ఏదో తెలిసింది కాబట్టి, బుద్ధిగా తెచ్చి కొత్త డిస్కులో సర్దింది. అందుకే అంతా బాగున్నట్టు కనిపించింది.

మరి శనివారం నా యంత్రం మీద ఎందుకు నడిచింది? ఎందుకంటే రెండేళ్ళ క్రితమే నేను కొత్త అన్న పేరు నా యంత్రానికి శాశ్వతంగా చెప్పిపెట్టాను. కిటికీ తెరవగానే అది చెప్పకుండానే దానికి తెలుసు. చెప్పానన్న సంగతి నేనే మరిచిపోయాను. ఆయనకిచ్చే కాగితం మళ్ళీ అందంగా రాస్తూ, పాత్ ముఖ్యమైనది కదా, అది పైన ఉంటే బాగుంటుందని వరుసలు మార్చాను.

"లైన్ పోయిందా?" అన్నాడు.

"లేదు."

"సరేనా మరి? నలభై కొట్టనా?"

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి ఉంది. మూడు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ఆవిడ కేక వెయ్యలేదు.

సరే అనడానికి నోరు తెరిచాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆ పరీక్షకు అర్థం ఏమిటో ఆయనకు తెలియదు, పెద్దాయనకు తెలియదు, కాగితం రాసిన నాకొక్కదానికే తెలుసు. డిస్కు ఇంకో ఏడాది బతకొచ్చు. ఏడు వారాలైతే ఖాయంగా బతకొచ్చు. ఆ తర్వాత మొదటి పడవలో వెళ్ళి బాగుచేయొచ్చు. పొద్దు గుంకేసరికి ఆయన ఈ గుమ్మంలో బూట్లు విప్పుతాడు. అప్పుడు ఫోనులో మళ్ళీ వినిపించింది, ఆ పళ్ళు కొరికే చప్పుడు. అది ఏడాది బతికేదాని చప్పుడు కాదు. సముద్రం మొరటెక్కిన రోజుల్లో రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేవాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు. చూడకపోయినా వాళ్ళున్నారు.

"కాదు," అన్నాను. "సరి కాదు. మొత్తం మళ్ళీ కట్టాలి."

అటు గాలి.

"మొత్తం అంటే?"

"నాలుగు రోజులు."

"పడవ పన్నెండుకి."

"తెలుసు."

"ఇంతకీ తప్పు ఎవరిది?"

"నాది. రెండు వరుసలు తారుమారు రాశాను. నువ్వు ఉన్నది ఉన్నట్టే కొట్టావు."

ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. నేనేమైనా తప్పు కొట్టానేమోనని ప్రాణం పోయింది." ఆ వెంటనే, "ఒక మాట. పెద్దాయనకి అప్పజెప్పి వచ్చేస్తే? నువ్వు ఫోన్లో చెబుతుంటే ఆయన కొడతాడు."

"కొట్టడమా? నేనెవర్నీ కొట్టను బాబూ, ఈ వయసులో," అంది వెనక గొంతు.

"కీబోర్డు తాతా, కీబోర్డు."

"అదా. అది ఒకసారి ముట్టుకున్నాను. అరిచింది."

నవ్వొచ్చింది నాకు, ఆ స్థితిలో కూడా. ఆయనా నవ్వాడు. ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

"వద్దు," అన్నాను. "రెండు వరుసలు అటూ ఇటూ అయితేనే ఇలా అయింది. నలభై ఒకటున్నాయి. నువ్వే ఉండాలి."

"ఉంటాలే."

"ఏడు వారాలు."

"తెలుసోయ్. నాకూ లెక్కలొచ్చు." గొంతు కొంచెం మారింది. "బూట్లు విప్పేస్తున్నా ఉండు."

ఒక బూటు నేల మీద పడిన చప్పుడు వినిపించింది. రెండోదాని కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. అది పడేలోపు మా ఇరవై నిమిషాలు అయిపోయాయి.

*

ఫోను పెట్టేసి తలెత్తితే అత్తయ్య అక్కడే ఉంది.

"రావట్లేదు కదూ," అంది.

"నా తప్పే అత్తయ్యా. నేను వరుసలు తప్పు రాశాను. నేను ఊరుకుని ఉంటే వచ్చేసేవాడు. నేనే వద్దన్నాను."

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.  ఆవిడకూ కొడుకే కదా. వస్తాడని పొద్దున్నే లేచి మా గది కిటికీ తుడిచింది.

"వాడికి నిదానం అని పేరు పెట్టింది నేను," అంది. "ఇంత నమ్మకంగా దాన్ని నిజం చేసే కోడలొస్తుందని అనుకోలేదు."

"అత్తయ్యా..."

"ఏడుపొస్తే ఏడు. మొహం మాత్రం ఈ చీరకి తుడవకు, ఇస్త్రీ చేసింది."

ఏడ్చాను. ఆ చీరకే తుడిచాను. ఆవిడ నా జుట్టు సరిచేస్తూ, "ఎక్స్చేంజీలో నేనూ ఒకసారి తప్పు కలిపాను," అంది. "కలిపానని తెలిసింది. ఊరుకుంటే ఎవరికీ తెలీదు. లైన్లోకి వెళ్ళి, అయ్యా తప్పు కలిపాను, క్షమించండి అన్నాను. ఆయన ఎన్ని తిట్లు తిట్టాడనుకున్నావ్? నిన్ను తిట్టాడా వాడు?"

"లేదు."

"మరింకేం."

పన్నెండుకు కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కణ్ణించి సముద్రం కనపడదు. ఎదురింటి వాళ్ళు ఆరేసిన బట్టలు, ఒక నీళ్ళ ట్యాంకు కనపడతాయి. అయినా పన్నెండూ అయిదు దాకా అక్కడే నిలబడ్డాను.

ఆఫీసుకు వెళ్ళి గురువుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కాగితం నకలు తీసుకుని మూడో వరుస మీద వేలు పెట్టాడు. ఎంతసేపు పెట్టాడంటే, ఆ వేలు అక్కడే అతుక్కుపోయిందేమో అనుకున్నాను.

"ఖాళీ కిటికీలో నడపలేదు నువ్వు."

"లేదండీ."

పాత పేర్లేవీ గుర్తులేని ఖాళీ కిటికీ తెరిచి, అందులో మొదటి నుంచి చివరి దాకా నడపనిదే కాగితం ఎవరి చేతికీ ఇవ్వకూడదని ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. దానికి ఒక రోజంతా పడుతుంది.

"శనివారం మామూలు కిటికీలో నడిపావు. ఆదివారం ఖాళీగానే ఉన్నావు కదా. ఏం చేశావు ఆదివారం?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఇద్దరం గోడకి ఒక అర బిగించామండీ."

"రోజంతానా?"

"వంకరగా వచ్చిందండీ. ఏం పెట్టినా ఎడమవైపుకి జారిపోతుంది. జారకుండా ఉండే వస్తువు ఏదైనా ఉందా అని ఇంట్లో ఉన్నవన్నీ పెట్టి చూశాం."

"ఉందా?"

"ఇస్త్రీపెట్టె ఒక్కటేనండీ."

గురువుగారు వేలు తీశాడు. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, రెండు మాటలు. అవి న్యాయమైనవే. ఆ తర్వాత ఎర్ర పెన్నుతో రెండు వరుసలకూ మధ్య బాణాలు గీసి, "ఇది ఇవాళ సాయంత్రం ఖాళీ కిటికీలో మొదలుపెట్టించు. సోమవారం సెలవు ఉంచుకో," అన్నాడు.

"ఆయన రావట్లేదు కదండీ."

"అందుకే ఉంచుకో," అన్నాడు.

ఆ ఆదివారాన్ని నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో! ఒక్కరోజు ఆయన పక్కన ఉండాలని, నలభై తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాను. ఇంత తెలివితక్కువ బేరం ఎవరూ చెయ్యరు. కానీ ఆ ఆదివారం మళ్ళీ తెచ్చిచ్చి ఎంచుకోమంటే ఏం చేస్తానో నాకే నమ్మకం లేదు. ఇస్త్రీపెట్టె నిలబడినప్పుడు ఆయన మొహం మీరు చూడలేదు.

*

సాయంత్రం ఐదుకు ఫోను చేశాడు. ముందు పడవ సంగతి అడిగాను. వెళ్ళిపోయిందన్నాడు. ఉల్లిపాయలు, మందులు, బ్యాటరీలు దింపి, ఆయన కోసం ఖాళీగా ఉంచిన చోటులో పాత వల చుట్ట వేసుకుని పోయారట.

"ఇప్పుడు ఆ కిటికీ మూసెయ్," అన్నాను.

"నాలుగు రోజుల నుంచి తెరిచి ఉంచింది. జాలేస్తోంది."

"మూసెయ్యి. దానికి తప్పులన్నీ గుర్తున్నాయి. ఇంకోటి తెరువు. నేను చెప్పే వరుసతో తెరువు, అప్పుడు పాతవేవీ గుర్తుండవు."

నేను చెబుతుంటే కొట్టాడు.

"తెరిచా."

"కొత్త అంటే ఏమిటో అడుగు దాన్ని."

"ఏం రాలేదు. ఖాళీ వరుస వచ్చింది."

"మంచిది. దానికి ఇంకా ఏమీ తెలీదు. ఇప్పుడు ముందుగా కొత్త ఎక్కడుందో చెప్పు. తర్వాత మళ్ళీ అడుగు. అది సరిగ్గా చెప్పాకే పాత్ జోలికి వెళ్ళు."

చెప్పాడు. అడిగాడు. "స్లాష్ కొత్త అంటోంది."

"ఇప్పుడు పాత్."

కొట్టాడు. పాత్ ఏమంటోందో కూడా అడిగించి చదివించాను. ముందు కొత్త ఉంది, పాత గదులు తర్వాత ఉన్నాయి. ఒకటికి నాలుగుసార్లు చదివించాను. మంగళవారం దాకా ఇంక చెయ్యడానికి ఏమీ లేదు. యంత్రం దాని నత్తనడక అది నడుస్తుంది. అయినా ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు. అక్కడ ఏమేం కనిపిస్తున్నాయని అడిగాను. నీళ్ళు అన్నాడు. ఇంకా? ఇంకొన్ని నీళ్ళు అన్నాడు. ఇక్కడ ఏమేం ఉన్నాయని అడిగాడు. ఎదురింటి బట్టలు ఎండాయి, తీసేశారు అన్నాను. ఏ రంగువని అడిగాడు. ఇంత పనికిమాలిన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కటీ చెప్పాను.

శని, ఆది, సోమ. సోమవారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఆయన చొక్కాలన్నీ ఉతికాను, అవి ఉతికినవే అయినా. అవి ఆరేసరికి సాయంత్రమైంది. ఒక సోమవారాన్ని అలా గడపొచ్చని గురువుగారికి ఎలా తెలుసో!

మంగళవారం సాయంత్రం ఐదుకు ఫోను మోగింది. హలో అనలేదు, ఓయ్ అనలేదు.

"ముప్ఫై తొమ్మిది చేశా. చదవనా?"

"చదువు."

"స్లాష్," అన్నాడు, ఆగాడు. కావాలనే ఆగాడు, దుర్మార్గుడు. "కొత్త. స్లాష్. లిబ్. స్లాష్..."

చివరిదాకా చదివాడు. సరే అన్నాను. ఆ రెండక్షరాలూ నా నోట్లోంచి శుక్రవారం రావలసినవి, మంగళవారం వచ్చాయి.

"నలభై, నలభై ఒకటి కూడా కొట్టేస్తా. రేప్పొద్దున పెద్దాయన పాత డిస్కు తీసేసి చూస్తానంటున్నాడు. దాని చప్పుడుకి నిద్రపట్టక చచ్చిపోతున్నాడట. తియ్యమంటావా?"

"తియ్యమను. ఏం కాదు."

"అంత ధైర్యంగా చెబుతున్నావే."

"ఈసారి ఖాళీ కిటికీలోంచి కట్టాం కదా."

అటు గాలి వీస్తోంది. పెద్దాయన ఎవరికో, బహుశా సముద్రానికి, ఏదో చెబుతున్నాడు. ఇంకా నలభై అయిదు రోజులు. ఇవాళ్టి ఇరవై నిమిషాల్లో పదమూడు మిగిలి ఉన్నాయి. 

"ఇంకేంటి?" అన్నాడు.

"ఇంకోసారి చదువు," అన్నాను.

"సరిపోయింది కదా!"

"అయినా సరే."

చదివాడు. ఈసారి ఇంకా నిదానంగా, ఒక్కొక్క స్లాష్ దగ్గరా ఊపిరి తీసుకుంటూ. కళ్ళు మూసుకుని విన్నాను. అయిపోగానే మళ్ళీ అడిగాను. ఎందుకని అడగకుండా మొదటి నుంచి మొదలుపెట్టాడు.